ఎడమ పక్క వదిలిన వరస

మా రత్నం అక్కకి,

చెల్లెలు పార్వతి ఇంత దూరం నుంచే నీ కాళ్ళకి దణ్ణం పెట్టుకుని రాస్తున్న సంగతులు. నేనిక్కడ కులాసాగా ఉన్నాను. మీరంతా అక్కడ కులాసాగా ఉన్నారనే అనుకుంటున్నాను. నీ షుగర్ ఎలా ఉంది? మాత్రలు వేసుకుంటున్నావా, లేక డబ్బా ఖాళీ అయ్యాక కూడా రేపు తెచ్చుకుంటానులే అంటూ రోజులు గడిపేస్తున్నావా? బావ నడుం నొప్పి తగ్గిందా? బెల్లం మార్కెట్లో కళాసీ పని చేసే మనిషికి నడుమే ఆధారం. రాత్రి వేడినీళ్ళ కాపడం పెట్టించుకోమని నేను చెప్పానని చెప్పు. నీ మాట వినకపోయినా మరదలి మాట వింటాడు.

చేతిలో ఫోన్ పెట్టుకుని ఉత్తరం ఏమిటే అని నవ్వుతున్నావు కదా. మనింట్లో ఫోన్ సంగతి నీకు తెలియనిదా. నేను ఏం మాట్లాడినా స్పీకర్లో ఇల్లంతా వింటుంది. మెసేజ్ పెడితే యామిని నీకంటే ముందు చదివేస్తుంది. నాలుగో తరగతి పిల్లయినా నా కూతురు గడగడా చదువుతుంది. ఇది నీ ఒక్కదానికే చెప్పాల్సిన మాట. మాతో పని చేసే రాంబిల్లి కుర్రాడు గంగరాజు మంగళవారం ఊరికి బయల్దేరుతున్నాడు. అతని చేతికిచ్చి పంపుతున్నాను. నువ్వు విప్పేసరికి యామిని పక్కన ఉంటే మడిచి దాచేసి, అది బడికి వెళ్ళాక చదువుకో.

ముందు ఇక్కడి కబుర్లు చెబుతాను. పోలండ్‌లో చలికాలం ఇంకా పోలేదు. వారం నుంచి మంచు పడుతూనే ఉంది. మొదటిసారి చూసినప్పుడు చిన్నపిల్లలా బయటికి పరిగెత్తాను గానీ, ఇప్పుడు చూస్తే ఒళ్ళు మండుతుంది. రెండు జతల మేజోళ్ళు, లోపల ఒక ప్యాంటు, పైన ఒక ప్యాంటు, స్వెట్టరు, కోటు, టోపీ. ఇవన్నీ తగిలించుకుని అద్దంలో చూసుకుంటే నేనేనా అని నాకే అనుమానం వస్తుంది. కానీ గదిలో వెచ్చగా ఉంటుంది, నువ్వు బెంగ పడకు. గదిలో నాతో ఇద్దరు నేపాలీ అమ్మాయిలు ఉంటారు. మంచివాళ్ళు. మనలాగే అన్నం, పప్పు తింటారు. బియ్యం దొరుకుతాయి. చింతపండు కావాలంటే మాత్రం బస్సెక్కి గంట ప్రయాణం. ఇక్కడివాళ్ళు క్యాబేజీని పులియబెట్టి తింటారు. పచ్చడి కదా అని నేను అన్నంలో కలుపుకుని ఒక ముద్ద తిన్నాను, రెండో ముద్దకి చెయ్యి వెళ్ళలేదు. గంగరాజుకి చేపల మీద దిగులు. "ఇదేటి సేప అక్కా, ఉప్పూ లేదు, సముద్రమూ లేదు" అంటాడు. తిన్నాక మాత్రం కంచం నాకేస్తాడు.

పని గోడౌన్లో. బిస్కెట్లు, చాక్లెట్లు, టీ పొడి, అన్నీ అట్టపెట్టెల్లో బెల్టు మీద వస్తాయి. వాటిని చెక్క పలక మీద, పాలెట్ అంటారులే, మనిషెత్తు వరకూ పేర్చాలి. అచ్యుతాపురంలో మందుల డబ్బాలు సర్దిన చెయ్యి కదా, నాకు కష్టం అనిపించలేదు. పొద్దున్న ఆరు నుంచి మధ్యాహ్నం రెండు వరకూ షిఫ్టు. మా లైను మీద పెద్ద ఒకావిడ ఉంది. ఆవిడ పేరు బాషా. నవ్వకు, ఆడమనిషే. ఇక్కడ బార్బరా అని పేరుంటే ముద్దుగా అలా పిలుస్తారట. నలభై దాటిన మనిషి. గట్టిగా అరుస్తుంది, అరిచిన పది నిమిషాలకి కాఫీ తెచ్చిస్తుంది.

మొదటి వారంలో నేనొక వెర్రిపని చేశాను. చెబితే నువ్వు ఒక్కదానివే అర్థం చేసుకుంటావు. పెట్టెలు చకచకా పేర్చుకుంటూ పోయాను. వరసలన్నీ సమంగా వచ్చాయి, నాకే ముచ్చటేసింది. బాషా వచ్చి నా పాలెట్ చుట్టూ ఒకసారి తిరిగి, కుడి అంచున కింద నుంచి పై దాకా ఒక్క పెట్టె వెడల్పున ఖాళీ చూపించింది. చెయ్యి పెట్టి చూస్తే మోచేతి దాకా లోపలికి పోయింది. ఫోన్లో ఏదో మాట్లాడి తెలుగులోకి మార్చి నా ముందు పెట్టింది. "ఇది ఎవరి కోసం ఖాళీగా ఉంచావు?" అని ఉంది. నాకు నవ్వాగలేదు. అక్కా, నేను చెరుకు గడ కోసం వదిలాను. నా బుర్రకి తెలియకుండా నా చేతులే వదిలేశాయి. బెల్లం దిమ్మల మీద దిమ్మలు సందు లేకుండా, అతుకు మీద అతుకు పడకుండా పేర్చే బావ చూసి ఉంటే నెత్తి కొట్టుకునేవాడు.

ఆవిడకి ఎలా చెప్పాలో తెలియక ఫోన్ తీసి ఆట చూపించాను. పై నుంచి దిగే ముక్కలు చూడగానే ఆవిడ "టెట్రిస్!" అని కేకేసింది. మనం ఇన్నేళ్ళూ ఇటుకల గేమ్ అన్నదాని అసలు పేరు అదే. ఆవిడ ఇంట్లో కూడా చిన్నప్పుడు అచ్చం మనదే ఉండేదట. బూడిదరంగు ఒళ్ళు, పసుపు మీటలు, పైన చిన్న తెర. వాళ్ళ నాన్న సంతలో కొన్నాడట. మన నాన్న నూకాలమ్మ తీర్థంలో కొన్నాడు కదా. "సూడండే, ఏటి తెచ్చేనో" అంటూ లుంగీ మడతలోంచి తీశాడు, గుర్తుందా? ఇద్దరికీ కలిపి తెచ్చాడు, కానీ అది నీ చేతికి అంటుకుపోయింది. నాకు ఎప్పుడిచ్చావు కనక. నువ్వు ఆడుతుంటే నీ భుజం మీద గెడ్డం ఆనించి చూడడమే నా వంతు. ముక్కలకి పేర్లు పెట్టింది మాత్రం నేనే, ఆ మాట మర్చిపోకు. నిలువు కర్ర చెరుకు గడ, నలుపలకల ముక్క బెల్లం దిమ్మ, వంకరవి రెండూ కొడవళ్ళు. చెరుకు గడ నిలువునా దిగి నాలుగు వరసలు ఒక్కసారే చెరపడానికే కదా ఓ పక్క ఖాళీ ఉంచేది.

ఆ బొమ్మ ఒకసారి అరుగు మీంచి పడి, తెర కుడి పక్కన నల్లగా సిరా ఒలికినట్టు అయిపోయింది. ఆ పక్క రెండు నిలువు వరసలూ కనబడేవి కాదు. నాన్న కొత్తది కొంటానన్నా నువ్వు ఒప్పుకోలేదు. కనబడని పక్కని ముందే లెక్క పెట్టుకుని నింపేసి, చెరుకు గడకి ఎడమ గోడ వారన ఒక వరస వదిలి ఆడడం మొదలుపెట్టావు. వీధిలో ఎవరు ఆడినా కుడి పక్కే వదిలేవారు. నేనూ అంతే, ఎందుకంటే నేను ఆట నేర్చుకున్నది ఎదురింటి వాళ్ళ టీవీ మీద, క్యాసెట్ పెట్టి ఆడే గేమ్‌లో. దాంట్లో ముక్కలకి రంగులుండేవి, వెనక పాట కూడా వచ్చేది. ఆ తర్వాత మీటల ఫోన్లో వచ్చింది, తర్వాత వేలితో తోసే ఫోన్లో వచ్చింది. ఇక్కడికి వచ్చేటప్పుడు విమానంలో ముందు సీటు వీపు మీద కూడా అదే ఆట ఉంది. ఆ రోజు దాని మీద ఒక్క వరస కూడా నింపలేకపోయాను. కళ్ళ నిండా నీళ్ళు, ముక్కలు ఎక్కడ దిగుతున్నాయో కనబడలేదు.

ఆ రోజు సంగతి ఎత్తాను కాబట్టి రాసేస్తాను. నువ్వు నన్ను ఇప్పటిదాకా ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. నువ్వు ముందు రోజే చెప్పావు. "పిల్లకి సెప్పి ఎల్లు పార్వతీ. ఏడుత్తే ఏడుత్తాది, మేం సూసుకుంటాం. సెప్పకుండా ఎల్తే మరి నిన్ను నమ్మదు" అన్నావు. నేను వినలేదు. పెట్టెని బావ చేత ముందే స్టేషన్‌కి పంపించేశాను. పొద్దున్నే రోజూ కంపెనీ బస్సుకి వెళ్ళేటట్టే క్యారియర్ పట్టుకుని, మెళ్ళో ఐడీ కార్డు కూడా వేసుకుని గుమ్మం దిగాను. ఆ మందుల కంపెనీలో పని పోయి అప్పటికి నెల, పిల్లకి ఆ సంగతీ చెప్పకుండా ప్రయాణం పనులకి తిరుగుతూ రోజూ అదే బస్సు టైముకి వెళ్ళొచ్చేదాన్ని. ఆ కార్డు ఎందుకూ పనికిరాదు, నా కూతుర్ని నమ్మించడానికి తప్ప. యామిని నిద్రకళ్ళతో లేచొచ్చి "అమ్మా, వచ్చీటప్పుడు స్కెచ్ పెన్నులు తే" అంది. "తెత్తాను" అన్నాను.

సాయంత్రం అది పూడిమడక రోడ్డు జంక్షన్లో నిలబడిందని నువ్వు తర్వాత చెప్పావు. రోజూ నాకు ఎదురొచ్చే చోటే. ఒక బస్సు పోయింది, రెండోది పోయింది, మూడో బస్సులోంచి దిగిన అమ్మాయిలు "మీ యమ్మ ఫారిన్ ఎలిపోనాది కదే, నీకు తెల్దా?" అన్నారట. నా బిడ్డకి ఆ మాట నేను చెప్పాలి అక్కా. ఎవరో దారిన పోయేవాళ్ళు చెప్పారు. దాని నాన్న పోయినప్పుడు కూడా నేనే దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పాను. అప్పుడు చెప్పగలిగిన నోరు ఇప్పుడు ఎందుకు రాలేదో నాకు ఈ రోజుకీ తెలియదు. పిరికిదాన్ని, అంతే.

అప్పటి నుంచి ఐదున్నర నెలలు. ఒక్క మాట లేదు. నువ్వు ఫోన్ దాని ముందు పెడితే గోడ వైపు తిరిగిపోతుంది. జడ ఒక్కటే కనబడుతుంది. జడ బాగా వేస్తున్నావు, పెరిగింది కూడా. అన్నం తిన్నావా అంటే ఆ జడ కొంచెం ఊగుతుంది. స్కెచ్ పెన్నులు ఇక్కడ దిగిన వారానికే కొన్నాను. ఇప్పుడు పంపితే లంచం అనుకుంటుందేమోనని నా దగ్గరే ఉంచేశాను.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాను. కూర్చుని చదువు.

రెండు నెలల క్రితం నువ్వు మెసేజ్ పెట్టావు. యామిని గేమ్‌లో నిన్ను పిలుస్తోంది, ఆడు అని. ఈ కొత్త రకం ఆటలో ఇద్దరు ఎక్కడెక్కడ ఉన్నా ఆడుకోవచ్చు కదా. నా తెర పక్కన చిన్నగా ఎదుటివాళ్ళ తెర కూడా కనబడుతుంది. నేను వరసలు చెరిపితే అవతలివాళ్ళ కింద నుంచి చెత్త వరసలు లేస్తాయి. తెరిచి చూస్తే యామిని పేరు, పక్కన నెమలి బొమ్మ. షిఫ్టు దిగి గదికి వచ్చేసరికి ఇక్కడ మూడు, మీకక్కడ ఏడున్నర. ఆ రోజు నుంచి రోజూ మూడింటికి బూట్లు కూడా విప్పకుండా మంచం అంచున కూర్చునేదాన్ని. మాట్లాడకపోతేనేం, నా కూతురు నాతో ఆడుతోంది అని గోడౌన్లో అందరికీ చెప్పాను. బాషాకి చెప్పాను. బస్సు డ్రైవరుకి, అతనికి నా భాష రాదు, అయినా చెప్పాను.

అది ఎడమ పక్క వరస వదిలి ఆడేది. పెద్దమ్మ నేర్పి ఉంటుంది అనుకున్నాను. ముక్కని కిందికి గభాలున తొయ్యకుండా, దాని దారిన దాన్ని దిగనిచ్చేది. తొందరేటి, అదే దిగుతాది అని నువ్వు చిన్నప్పుడు నాతో అనేదానివి. ఇది కూడా పెద్దమ్మ నేర్పిందే అనుకున్నాను. మనసుకి కావలసింది అదే అయినప్పుడు ఎన్ని సాకులైనా దొరుకుతాయి కదా. నా ఫోన్లో యామిని ఆట నేను చూశాను అక్కా, ఇక్కడికి రాకముందు. అది ఎక్కడా వరస వదలదు. ముక్క కనబడగానే టపటపా నొక్కి కింద పడేస్తుంది. "పడిపోనీ అమ్మా, ఇంకోటి వస్తాది కదా" అంటుంది. రంగులు చూడడానికే ఆడేది.

ఇంకొకటి కూడా గమనించాను. నేను ఓడిపోయేలా ఉన్నప్పుడల్లా అవతల ఆట నెమ్మదించేది. నా ముక్కలు పైదాకా వచ్చేశాయి, ఇంకొక్క దెబ్బ చాలు. అలాంటప్పుడు ఎడమ పక్కన దిగాల్సిన చెరుకు గడని ఎక్కడో అడ్డంగా పడుకోబెట్టేసేది. తల్లి మీద అంత కోపం పెట్టుకున్న తొమ్మిదేళ్ళ పిల్ల తల్లిని గెలవనిస్తుందా? నేనయితే గెలవనివ్వను. అయినా ఇంకా నమ్మలేదు.

మూడు వారాల కిందట బావ మార్కెట్ నుంచి తన ఫోన్‌తో చేశాడు, గంగరాజు ఎప్పుడొస్తాడో కనుక్కోవడానికి. నేను సంతోషం పట్టలేక, రోజూ ఏడున్నరకి యామిని నాతో ఆడుతోంది బావా అన్నాను. "ఏడున్నరకా? అప్పుడదెక్కడుంటాది ఇంటికాడ? ట్యూషన్లో కదా ఉంటాది. ఎనిమిదికి నేనే ఎల్లి తెత్తాను" అన్నాడు. పాపం, బావకి ఏమీ తెలియదు. నేను కూడా ఆదివారం సంగతిలే అని మాట మార్చేశాను. ఆయన్ని ఏమీ అనకు.

అదీ సంగతి. నాతో రోజూ ఆడుతున్నది నువ్వే అని నాకు తెలుసు.

నిజం చెప్పమంటే, ఆ రోజంతా నీ మీద కోపం వచ్చింది. నా బిడ్డ పేరు పెట్టుకుని నన్ను మోసం చేసిందే అనుకున్నాను. బాషా రెండుసార్లు అరిచినా వినబడలేదు. మర్నాడు మూడయ్యేసరికి నా అంతట నేనే బూట్లు విప్పకుండా మంచం అంచున కూర్చున్నాను. నువ్వు పిలిచావు. ఆడాను. ఎడమ పక్క వరస ఎప్పటిలాగే వదిలి ఉంది. చూస్తుంటే కోపం ఎటు పోయిందో తెలియలేదు. నీ పెళ్ళయిన తర్వాత మనిద్దరం కలిసి ఆడింది లేదు. నాన్న పోయాక ఆ బొమ్మ ఎక్కడుందో కూడా మనం వెతకలేదు. వంట పూర్తి చేసుకుని, బావ వచ్చే లోపల, మోకాళ్ళ నొప్పితో ఆ పీట మీద కూర్చుని, చెల్లెలు దిగులుపడి పడుకోకుండా ఉండాలని నువ్వు రోజూ ఆడావు. చిన్నప్పుడు చేతికివ్వని దానివి ఇప్పుడు గెలవనిస్తున్నావు. నీకు నేనంటే ఇంత ప్రేమని నాకు తెలుసు గానీ, ఇలా చూపిస్తావని తెలియదు.

మూడు వారాలు ఎందుకు చెప్పలేదంటే, చెబితే నువ్వు ఆపేస్తావని భయం. ఇప్పుడు చెప్పక తప్పదు. ఎందుకంటే నేను మళ్ళీ అదే తప్పు చేస్తున్నాను. ఆ రోజు ఐడీ కార్డు వేసుకుని పిల్లని నమ్మించాను, ఇప్పుడు నెమలి బొమ్మ చూసి నన్ను నేను నమ్మించుకుంటున్నాను. దాని పేరు మీద ఆట వద్దు అక్కా. నీ పేరు మీద ఆడు. నీ పేరు కనబడితే నేను ఇంకా గట్టిగా ఆడతాను, ఆ గెలవనివ్వడాలు కూడా మానెయ్. రోజూ ఏడున్నరకే రా.

యామిని నా గురించి అడుగుతోందా లేదా, నాకు నిజం రాయి. అడగడం లేదంటే లేదనే రాయి. నేను తట్టుకుంటాను. తిట్టిందా? ఏమని తిట్టింది? అదైనా రాయి. నేను ఇక్కడ దాని గురించి ఏమీ తెలియకుండా ఉండడం కంటే అది నన్ను తిట్టిందని తెలియడం మేలు.

ఈ కవర్లోనే చిన్న కాగితం ఒకటి మడిచి పెట్టాను. అది దానికి. అందులో పెద్దగా ఏమీ లేదు. "యామినీ, ఆ రోజు అమ్మ అబద్ధం చెప్పింది. నువ్వు ఏడుస్తావని కాదు, నువ్వు ఏడిస్తే నేను వెళ్ళలేనని చెప్పలేదు. నిన్ను జంక్షన్లో నిలబెట్టింది అమ్మే. తప్పు అమ్మది. వచ్చే శ్రావణానికి సెలవు ఇస్తారు, ఏ తారీఖుకి వస్తానో ముందే నీకే చెబుతాను, మరెవరికీ చెప్పను. మాట్లాడాలని లేకపోతే మాట్లాడకు." ఇంతే రాశాను. బలవంతంగా చేతిలో పెట్టకు, చదివి వినిపించకు. దాని పుస్తకాల దగ్గర పెట్టు. చదివితే చదువుతుంది, చింపితే చింపుతుంది. చింపినా ఏమీ అనకు.

గంగరాజు చేతికి చాక్లెట్లు, బావ నడుముకి ఇక్కడి పట్టీ ఒకటి, నీకు ఉన్ని మేజోళ్ళు పంపుతున్నాను. మన ఊళ్ళో ఉన్ని మేజోళ్ళు ఎందుకే అనకు, పొద్దున్నే మోకాళ్ళు పట్టేసినప్పుడు వేసుకో. అతను నెల తర్వాత తిరిగొస్తాడు. వచ్చేటప్పుడు బెల్లం కొంచెం పంపు. పెద్ద దిమ్మ వద్దు, బావ మంచిది చూసి ఒక ముక్క కొట్టిస్తే చాలు. ఇక్కడి పంచదారతో టీ తాగితే తాగినట్టే ఉండదు. ఎండు రొయ్యలు వాసన రాకుండా మూడు కవర్లలో చుట్టు, లేకపోతే విమానంలో గంగరాజుని దింపేస్తారు. అతను ఇంటికొస్తే అన్నం పెట్టి పంపు, మంచి కుర్రాడు. నా గురించి అడిగితే ఎక్కువ చెబుతాడు, సగం నమ్ము.

నేను బాగానే ఉన్నాను అక్కా. నిజంగానే బాగానే ఉన్నాను. వేళకి తింటున్నాను, జలుబు తగ్గింది. నువ్వు మందులు మానకు. బావకి నా నమస్కారాలు. ఎదురింటి మామ్మగారికి, వీధిలో పెద్దవాళ్ళందరికీ నా దణ్ణాలు చెప్పు. నన్ను చల్లగా ఉండమని ఒకసారి మనసులో అనుకో, ఇక్కడ ఉన్న చలికి ఆ మాట వేరేగా రాయాలేమో గానీ, నువ్వు అనుకుంటే చాలు.

నీ ఆశీస్సుల కోసం చూసే
నీ చెల్లెలు
పార్వతి

అక్కా, కవర్ అంటించబోయి మళ్ళీ విప్పాను. పైన అంతా నిన్న శనివారం రాశాను. ఇవాళ ఆదివారం, నాకు సెలవు. పొద్దున్న ఏడింటికి, అంటే మీకు పదకొండున్నరకి, ఫోన్ మోగింది. నెమలి బొమ్మ. ఈ వేళప్పుడు నువ్వు ఎప్పుడూ పిలవలేదు. ఆదివారం ఆ టైముకి నువ్వు చేపల కోసం బజారుకి వెళ్తావు, ఫోన్ ఇంట్లో ఛార్జింగ్‌లో పెట్టి. అయినా ఏదో అవసరమేమోనని తెరిచాను.

మొదటి ముక్క దిగిందో లేదో, టపటపా నొక్కి కింద పడేసింది. రెండోది దాని మీద. మూడోది ఆ రెంటి మీద. వరస లేదు, ఖాళీ లేదు, ఎడమా లేదు, కుడీ లేదు. నిమిషం కాకుండానే పైదాకా నిండిపోయి ఓడిపోయింది. మళ్ళీ పిలిచింది. మళ్ళీ అంతే. అలా ఆరుసార్లు. అక్కా, నువ్వు కావాలని ఆడినా అంత దరిద్రంగా ఆడలేవు.

నేను గెలవనివ్వలేదు. అబద్ధం ఆడకూడదు అనుకున్నాను కదా, ఆటలో కూడా ఆడలేదు. ఆరోసారి ఓడిపోయాక ఒక బొమ్మ వచ్చింది. ఆట అయ్యాక మొహాల బొమ్మలు పంపుకోవచ్చు, నువ్వు వాటి జోలికి ఎప్పుడూ పోలేదు. ఎర్రగా, కనుబొమలు ముడిచి, పళ్ళు కొరుకుతున్న మొహం. వెంటనే అదే ఇంకొకటి, మళ్ళీ ఇంకొకటి. ఐదున్నర నెలల్లో నా కూతురు నాతో అన్న మొదటి మాట అది. నేను మంచం మీద పడి ఏడ్చాను, నేపాలీ పిల్లలిద్దరూ పరిగెత్తుకొచ్చారు. నవ్వుతున్నానో ఏడుస్తున్నానో వాళ్ళకి అర్థం కాలేదు.

దాన్ని ఏమీ అడగకు. నీకు ఏమీ తెలియనట్టే ఉండు. వచ్చే ఆదివారం పదకొండు కాగానే ఫోన్ ఛార్జింగ్‌లో పెట్టి, దాని చెయ్యి అందేలా స్టూలు దగ్గరగా లాగి, చేపలకి వెళ్ళిపో. కొంచెం ఆలస్యంగా రా.